రాజుగారి మగ్గు

మొన్న పండక్కి ఇల్లు దులుపుతూ అటక మీది పెట్టె దింపిస్తే, అడుగున మెరూన్ రంగు స్వెట్టర్ ఒకటి ఉండచుట్టి కనిపించింది. లోపల ఏముందో విప్పకుండానే తెలిసిపోయింది. అది మా అమ్మ స్వెట్టర్. విశాఖపట్నంలో స్వెట్టర్ వేసుకునేంత చలి ఎప్పుడూ పడలేదు కాబట్టి, లోపలున్న వస్తువుని కాపాడడమే ఆ స్వెట్టర్‌కి అమ్మ ఇచ్చిన ఉద్యోగం.

లోపల ఉన్నది మగ్గు. పిడి లేదు. మీగడ రంగు మీద గోధుమరంగులో ఒక రాజుగారి బొమ్మ. నున్నగా దువ్విన క్రాపు, పక్క పాపిడి, ఛాతీ మీద పతకాలు, చూపు మాత్రం ఎటో. బొమ్మకి అటూ ఇటూ రంగు రంగుల జెండాలు. కింద ఎనిమిదో ఎడ్వర్డ్ రాజుగారి పేరు, పట్టాభిషేకం అన్న మాట, మే 12, 1937 అన్న తారీఖు.

ఆ పట్టాభిషేకం జరగలేదు. మగ్గు మాత్రం జరిగిపోయినట్టే చెబుతుంది.

ఇంగ్లండులో స్టోక్-ఆన్-ట్రెంట్ అనే ఊళ్ళో మేం ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్నాం. మా ఆయన విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో, అదే కేజీహెచ్‌లో, డాక్టరుగా పనిచేస్తూ 1980 నవంబరులో అక్కడి ఆసుపత్రికి వెళ్ళారు. పేరుకి ఒక ఊరు కానీ నిజానికి ఆరు ఊళ్ళు కలిసి ఒకటైంది. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్. రెండు మూడు వందల ఏళ్ళుగా ఆ ఆరు ఊళ్ళకీ మట్టే అన్నం పెట్టింది. కప్పులు, సాసర్లు, పళ్ళేలు, టీ కుండలు. అక్కడ పింగాణీ ఫ్యాక్టరీని పాట్‌బ్యాంక్ అంటారు. ఆ సంగతి తెలియక మా ఆయన మొదటి నెలలో ఒకరోజు ఇంటికొచ్చి, "ఈ ఊళ్ళో బ్యాంకు ఉద్యోగులందరికీ ఊపిరితిత్తులు పాడైపోయాయేమిటే?" అన్నారు. చెకుముకి రాయి పొడి, మట్టి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చిన వాళ్ళ ఛాతీలవి. ఆ జబ్బు పేరు సిలికోసిస్. ఊళ్ళో వాళ్ళు మాత్రం దాన్ని కుమ్మరి తెగులు అన్నట్టుగానే చెప్పుకునేవారు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. అక్కడ మనిషిని మనిషి "డక్" అని పిలుచుకుంటారు. బస్సు కండక్టరూ, కొట్లో అమ్మాయీ, ఆసుపత్రిలో నర్సూ అంతే. మొదటిరోజు ఆవిడ గోడ మీదుగా తల పెట్టి "బాగున్నావా డక్?" అంటే నేను బాతులా కనిపించానా అని అద్దం చూసుకున్నాను. తర్వాత అర్థమైంది, మనం బుజ్జీ, చిట్టీ అన్నట్టే అదీ అని. మా పిల్లలు ఆవిడని మామ్మ అనేవారు. ఆ పిలుపు విని మురిసిపోయేది. అక్కడ రాణీగారిని "మ్యామ్" అని పిలవాలట. తననీ అలాగే పిలుస్తున్నారనుకుందట చాలా రోజులు.

1981 జులైలో ఛార్లెస్, డయానాల పెళ్ళి. ఊరు ఊరంతా వాళ్ళ మొహాలే. కప్పుల మీద, పళ్ళేల మీద, గంటల మీద, బిస్కట్ డబ్బాల మీద. నేనూ సరదాపడి ఒక మగ్గు కొని తెచ్చి మామ్మకి చూపించాను. ఆవిడ బొమ్మ వంక కూడా చూడలేదు. టక్కున బోర్లా తిప్పి అడుగు చూసింది. తయారైన ఫ్యాక్టరీ ముద్ర అడుగునే ఉంటుంది. "ఊఁ, మన ఊరిదే" అని, అప్పుడు ఇటు తిప్పి పెళ్ళికూతురి మొహం చూసింది.

ఆ ఊరి వాళ్ళని ప్రపంచంలో ఎక్కడున్నా ఇట్టే పట్టేయొచ్చు. హోటల్లో కూర్చోగానే పళ్ళెం తిప్పి అడుగు చూస్తారు. ఈ జబ్బు నాకూ అంటుకుంది. ఓసారి సెలవులకి వైజాగ్ వచ్చినప్పుడు చుట్టాల పెళ్ళిలో ఎవరో కాఫీ ఇస్తే, కప్పులో కాఫీ ఉందన్న సంగతి మరిచి కప్పు వంచేశాను. పట్టుచీర కుచ్చిళ్ళ మీద ఆ మరక ఇప్పటికీ ఉంది.

సరే, అసలు మగ్గు సంగతి. 1982లో మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మామ్మ చూడ్డానికి వచ్చింది, పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లంతో. విప్పితే ఈ మగ్గు. మగ్గులో ఒక వెండి సిక్స్‌పెన్స్. పసిబిడ్డని మొదటిసారి చూసినప్పుడు చేతిలో వెండి పెట్టడం వాళ్ళ ఆచారమట. మన దగ్గరా అంతే కదా, ఖాళీ చేతులతో ఎవరు చూస్తారు? పాప గుప్పిట్లో ఆ నాణెం పెట్టి, పాప దాన్ని పట్టుకుందో లేదో అని చాలాసేపు చూసింది. గట్టిగా పట్టుకుంటే పిసినారి అవుతుందట. గట్టిగానే పట్టుకుంది.

నాణెం మీద ఉన్నది ఆరో జార్జి. మగ్గు మీద ఉన్నది ఆయన అన్నగారు. ఆవిడ కావాలనే అలా తెచ్చిందని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే చెప్పింది, ఆ మగ్గు తన చేతి మీదుగా పోయిందని. 1936లో పద్నాలుగేళ్ళకి బడి మానేసి పాట్‌బ్యాంక్‌లో చేరిందట. కట్టర్ ఉద్యోగం, అంటే కత్తెర పట్టుకుని రోజంతా కాగితం కత్తిరించడం. చిన్నప్పుడు మనం తడి చేసి చేతి మీద అద్దుకునే అచ్చుబొమ్మలు గుర్తున్నాయా? దాదాపు అదే పని. రాగిరేకు మీద రాజుగారి బొమ్మ చెక్కి ఉంటుంది. రేకుని వేడిచేసి, నూనెలో కలిపిన రంగు గీతల్లోకి కూరి, పైదంతా తుడిచేసి, సబ్బునీళ్ళు పట్టించిన పల్చటి కాగితం పరిచి మిషన్లో నొక్కుతారు. కాగితం మీద రాజు పడతాడు. కట్టర్ పిల్ల ఆ రాజుని చుట్టూ కత్తిరించి అందిస్తుంది. మెరుగు పూయని, గరుకు మగ్గు మీద ఆ కాగితాన్ని పెద్ద పనావిడ అంటించి, గట్టి బ్రష్షుతో భుజాలు పడిపోయేదాకా రుద్దుతుంది. తర్వాత నీళ్ళలో ముంచి కాగితం లాగేస్తే రాజు మగ్గు మీదే ఉండిపోతాడు. నూనె పోవడానికి ఓసారి కాల్చి, మెరుగు పూసి మళ్ళీ కాల్చి, జెండాలకి చేత్తో రంగులేసి ఇంకోసారి కాలుస్తారు. ఇన్ని పూటలు మంటల్లో కూర్చుంటేగానీ రాజు రాజు కాడు.

"ఈ చెవి చూడు డక్" అంది. రాజుగారి ఎడమ చెవి మీదుగా వెంట్రుకంత తెల్లటి గీత. అంటించేటప్పుడు కాగితం మడత పడితే అక్కడ రంగు దిగదు. "రాజు చెవికి మడత పడితే పెద్దావిడ వచ్చి మా చెవులు మెలేసేది. ఇది నా పనో, నా పక్కపిల్ల పనో." తన చెవి తడుముకుని నవ్వింది.

1936 జనవరి 20న అయిదో జార్జి పోయాడు. మన కేజీహెచ్‌లో ఉన్న కింగ్ జార్జి ఆయనే. 1923లో ఆసుపత్రి పెట్టినప్పుడు ఏలుతున్న రాజు. ఆయన పెద్దకొడుకు ఎడ్వర్డ్ గద్దెకొచ్చాడు. పట్టాభిషేకం మరుసటి ఏడాది మే 12న అని తారీఖు వేశారు. పాట్‌బ్యాంకులకి పంట పండింది. మగ్గుల మీద మగ్గులు. అంతలో రాజుగారు రెండుసార్లు విడాకులు తీసుకున్న అమెరికా ఆవిడని పెళ్ళాడతానన్నాడు. మంత్రులు కాదన్నారు. అయితే మీ గద్దె మీరే ఉంచుకోండని 1936 డిసెంబరు 11న దిగిపోయాడు. పట్టుమని ఏడాది కూడా ఏలలేదు. ఆ రాత్రి రేడియోలో ఆయన మాట్లాడుతుంటే మామ్మ వాళ్ళ వీధిలో రేడియో ఉన్న ఒకే ఒక్క ఇంట్లోకి అందరూ చేరారట. ప్రేమించిన మనిషి అండ లేకుండా ఈ బరువు మోయలేనన్నాడని ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారట. మామ్మ వాళ్ళమ్మ మాత్రం, "అయితే రేపు పనుందా, లేదా?" అందట.

మర్నాడు శనివారం, ఒంటిపూట. వెళ్ళేసరికి బల్ల మీద కత్తిరించిన రాజులు దొంతర్లుగా ఉన్నారు. ఎవరూ ముట్టుకోలేదు. మిగిలిన మగ్గుల్ని చవగ్గా అమ్మేసి, పనివాళ్ళకి తలా ఒకటి ఇచ్చారు. అలా వచ్చిందే ఇది. తర్వాత కొత్త రాగిరేకు వచ్చింది. తమ్ముడు ఆరో జార్జి, పక్కన రాణి. తారీఖు మాత్రం అదే, మే 12. ముహూర్తం మారలేదు, పెళ్ళికొడుకే మారాడు. ఆ ఊరి పేరున్న పింగాణీ కంపెనీ వెడ్జ్‌వుడ్ వాళ్ళ పని కొంత సులువైంది. వాళ్ళ మగ్గుకి డిజైన్ వేసిన ఎరిక్ రవీలియస్ రాజు మొహం జోలికి పోకుండా బాణసంచా, రాజముద్ర, పొడి అక్షరాలు వేశాడు. అక్షరాలు మార్చి తమ్ముడికి వాడుకున్నారు. 1953లో ఎలిజబెత్ రాణికీ అదే డిజైన్ మళ్ళీ పనికొచ్చింది. మొహం లేకపోవడంలో ఎంత సుఖముందో!

మగ్గుని షోకేసులో పెట్టుకున్నాం. అది షోకేసులోంచి బయటికొచ్చింది మాత్రం మా అమ్మ వల్ల.

అమ్మ 1986 మేలో వచ్చింది, ఆర్నెల్లు ఉండడానికి. మడీ ఆచారం ఉన్న మనిషి. విమానంలో ఏమీ తినకుండా, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. వచ్చిన మర్నాడు నేను మగ్గులో కాఫీ తాగుతుంటే, "మగ్గుతో కాఫీ ఏమిటే, స్నానాలగదిలోదానిలా?" అంది. ఆవిడకి మగ్గంటే బకెట్లో తేలేదే. తెచ్చుకున్న స్టీలు గ్లాసులోనే తాగుతానంది. కానీ స్టోక్ చలికి స్టీలు గ్లాసులో కాఫీ నాలుగు గుక్కల్లో చల్లారిపోతుంది. వారం తిరక్కుండా, మా ఆయన తోటి డాక్టర్లు పెళ్ళిరోజుకిచ్చిన బోన్ చైనా కప్పుల్లోకి దిగింది. "పువ్వులా ఉంది కప్పు, పెదవికి తగిలీ తగలనట్టు" అని మెచ్చుకుంది కూడా.

ఓ ఆదివారం మామ్మ మమ్మల్ని లాంగ్టన్‌లో గ్లాడ్‌స్టోన్ మ్యూజియంకి తీసుకెళ్ళింది. పాత పాట్‌బ్యాంక్‌నే మ్యూజియం చేశారు. పెద్ద సీసా ఆకారంలో ఇటుక బట్టీలుంటాయి అక్కడ, లోపల మనిషి నిలబడి పైకి చూస్తే గుండ్రటి ఆకాశం ముక్క కనిపిస్తుంది. ఊళ్ళో ఒకప్పుడు అలాంటివి రెండు వేలకు పైగా ఉండేవి. ఇప్పుడు యాభై కూడా లేవు. 1956లో పొగ చట్టం వచ్చాక బొగ్గు బట్టీలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మధ్యాహ్నం పన్నెండింటికి వీధి దీపాలు వెలిగించిన రోజులున్నాయంటే అమ్మ నమ్మలేదు.

అక్కడే ఒకాయన బోన్ చైనా ఎలా చేస్తారో చూపిస్తున్నాడు. సగం ఎముకల బూడిద, పావు కార్న్‌వాల్ రాయి, పావు తెల్లమట్టి. నేను తెలుగులో టకటకా చెప్పేసి, చెప్పాక నాలిక కరుచుకున్నాను.

"ఎముకలా?"

"బూడిదేనమ్మా. కాల్చేశాక ఏముంటుంది?"

"ఏ ఎముకలే?"

అబద్ధమాడి ఉండాల్సింది. ఆడలేకపోయాను. "పశువులవి."

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. ఇంటికొచ్చి చలిలో తలస్నానం చేసింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి కప్పులూ సాసర్లూ అన్నీ అట్టపెట్టెలో సర్ది, పెరట్లో పెట్టేసి ఉన్నాయి. "మూడు వారాలు తాగానే..." అంటూ గుమ్మంలో కూర్చుంది. ఆ మొహం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన పక్కగదిలోకి వెళ్ళి నవ్వుకున్నారు.

గోడవతల నుంచి మామ్మ చూసి, సంగతి విని, నవ్వలేదు. లోపలికొచ్చి టేబుల్ లైటు వెలిగించి, వంటింట్లో ఉన్న కప్పులన్నీ ఒక్కొక్కటే దీపానికి అడ్డం పెట్టింది. కప్పు వెనక వేళ్ళు పెడితే నీడ కనిపించిందా, అది బోన్ చైనా. కనిపించలేదా, వట్టి మట్టి. అమ్మ పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు చూస్తోంది. ఒక్కొక్కటే నీడ పడుతోంది, ఒక్కొక్కటే పెట్టెలోకి పోతోంది. ఆఖరికి మామ్మ షోకేసు తెరిచి రాజుగారిని తీసింది. దీపం ముందు పెట్టింది. వేళ్ళ జాడ లేదు. రాజుగారు గట్టి గోడలా నిలబడ్డాడు.

"ఈయన ఒంట్లో ఒక్క ఎముక లేదు డక్" అంది మామ్మ అమ్మతో. "వెన్నెముక అసలే లేదు."

ఈ రెండో మాట తెలుగులో చెప్పడానికి నాకు కాస్త టైం పట్టింది. చెప్పాక అమ్మ రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

ఆ రోజు నుంచి నవంబరులో విమానం ఎక్కేదాకా అమ్మ కాఫీ రాజుగారి మగ్గులోనే. వేరే ఎవరూ ముట్టుకోకూడదు, తనే కడుక్కుని తనే బోర్లించుకునేది. పొద్దున్నే రెండు చేతులతో మగ్గుని పొదివి పట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి పొగగొట్టం చూస్తూ తాగేది. మట్టి మగ్గు కదా, మెరుగు కింద సన్నసన్నటి పగుళ్ళు ఉండేవి. కాఫీ రంగు వాటిలోకి దిగి, రాజుగారి మొహం మీద ముడతలు పడ్డట్టు కనిపించేది. "పాపం, మన ఇంట్లోనే ముసలాడైపోతున్నాడే" అనేది.

ఆ సిక్స్‌పెన్స్ చూపిస్తే మాత్రం వెంటనే గుర్తుపట్టింది. "మా రూపాయల మీద ఉండేవాడు ఈయన. మరి ఆయనెవరు?" అంది మగ్గు చూపించి. అన్నగారి కథంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "రాముడు తండ్రి మాట కోసం వదిలేస్తే, ఈయన పెళ్ళాం కోసం వదిలేశాడు. పోనీ, పాదుకలైనా ఇచ్చాడా తమ్ముడికి?" అంది.

"మగ్గులిచ్చాడు."

ఇంకా కాసేపాగి, "ఉండు, ఈయన ఇదివరకు మన దేశం వచ్చాడా?" అంది. వచ్చాడు. యువరాజుగా ఉన్నప్పుడు 1921 నవంబరులో బొంబాయిలో దిగాడు. 1922 జనవరిలో మద్రాసు వచ్చాడు. సహాయనిరాకరణ ఉద్యమం రోజులవి. ఎక్కడికి వెళ్ళినా హర్తాళ్లు. మా తాతయ్య అప్పుడు మద్రాసులో చదువుకుంటున్నాడు. యువరాజు ఊరేగింపు పోతుంటే మొహం చూడనని హాస్టల్ గదిలో తలుపేసుకుని కూర్చున్నాడని మా ఇంట్లో చెప్పుకునే కథ. అమ్మకి అది గుర్తొచ్చింది. మగ్గు తిప్పి రాజుగారి మొహం తన వైపు పెట్టుకుని, "మా నాన్న చూడనన్న మొహాన్ని నేను రోజుకి రెండు పూటలా చూస్తున్నాను. కాఫీ ఇస్తున్నాడు కాబట్టి ఊరుకున్నాను" అంది.

అమ్మకి ఇంగ్లీషు రాదు, మామ్మకి తెలుగు రాదు. ఇద్దరికీ ఏం అడ్డం రాలేదు. మామ్మ ఓట్‌కేకులు తెచ్చేది, ఆ ఊరి ప్రత్యేకం, పెనం మీద పల్చగా పోసిన ఓట్స్ అట్లు. అమ్మ వాటికి అల్లప్పచ్చడి రాసిచ్చేది. మామ్మ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా మొత్తం తినేసేది. అమ్మ వెళ్ళే ముందు మామ్మ మెరూన్ ఊలుతో స్వెట్టర్ అల్లి ఇచ్చింది. మగ్గు కూడా ఆవిడే ఆ స్వెట్టర్‌లో చుట్టి అమ్మ సంచిలో పెట్టింది. నన్నడగలేదు. మా పాపకిచ్చిన మగ్గు అది! అయినా సరే అనుకున్నాను.

దారిలో ఎక్కడో పిడి విరిగింది. అమ్మ ఉత్తరంలో రాసింది, "రాజుగారి చెయ్యి పోయింది, మనిషి కులాసా" అని. పిడి లేని మగ్గుతో వేడి కాఫీ తాగలేక దాన్ని వంటింటి గట్టు మీద గరిటెలు, చెంచాలు పెట్టుకోవడానికి వాడేది. ఎవరొచ్చినా కథ చెప్పేది. ఏటా క్రిస్మస్ కార్డులో మామ్మ "మా రాజు ఎలా ఉన్నాడు?" అని అడిగేది. 1998 తర్వాత ఆ ఇంటి కిటికీకి వేరే కర్టెన్లు వచ్చాయి.

మధ్యలో ఓసారి స్టోక్‌లో పాత సామాన్ల సంతకి వెళ్ళినప్పుడు ఇలాంటి మగ్గే కనిపిస్తే ధర అడిగాను. పట్టాభిషేకమే జరగని రాజు, లక్షల ఖరీదు చేస్తుందని మా చుట్టాలందరి నమ్మకం. కొట్టాయన నవ్వి, పది పౌన్లు అన్నాడు. ఇది చాలా అరుదైనదని ప్రతివాళ్ళూ దాచుకున్నారట. అందరూ దాచుకుంటే ఇంక అరుదెక్కడ?

మేం 2008లో తిరిగొచ్చేశాం. అమ్మ 2011లో పోయింది. పోయే ముందు ఎప్పుడో తనే చెంచాలు తీసి, మగ్గుని కడిగి, స్వెట్టర్‌లో చుట్టి పెట్టెలో పెట్టినట్టుంది. నేను చూడలేదు.

మొన్న మూట విప్పగానే, చెయ్యి అలవాటున దాన్ని బోర్లా తిప్పింది. వైజాగులో ఎన్నిసార్లు చూశానో కానీ, ఎప్పుడూ నిండా చెంచాలుండేవి. తిప్పే వీలే రాలేదు. అడుగున ఆకుపచ్చగా పాత ముద్ర ఉంది, ఇంగ్లండులో తయారైందని, పింగాణీ తయారీదారుల సంఘం వారి అధికారిక డిజైన్ అని. దాని పక్కన ఎర్రటి నెయిల్ పాలిష్‌తో, కాస్త వంకరగా, రెండు తెలుగు అక్షరాలు. మా ఇంటిపేరు మొదటి అక్షరం, అమ్మ పేరు మొదటి అక్షరం. పెళ్ళిళ్ళకి ఎరువిచ్చే గిన్నెల మీద, పళ్ళేల మీద, అవతలివాళ్ళ సామాన్లలో కలిసిపోకుండా అమ్మ వేసే గుర్తు అది.